కసరత్తుకి తగ్గ కంచం: ఇంటి వంటతోనే గట్టిగా వ్యాయామం చేయడానికి సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజామున బెజవాడలో ఏ గ్రౌండుకి వెళ్ళినా జనమే. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్ళు, కృష్ణ ఒడ్డున పది కిలోమీటర్లు పరిగెత్తి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు, షటిల్ బ్యాట్లు భుజాన వేసుకున్న నడివయసువాళ్ళు కనిపిస్తారు. గుంటూరు బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు జిమ్ములు ఐదింటికే తెరుస్తారు. ఇక రోజూ రెండు పూటలా కూచిపూడి సాధన చేసే అమ్మాయిలు పడే శ్రమ ఏ ఆటగాడికీ తీసిపోదు.

ఇంత కష్టపడేవాళ్ళలో చాలామంది మొదట చేసే పని అన్నం మానేయడం. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు. పది రోజులయ్యేసరికి కాళ్ళు లాగుతాయి, చిరాకు పెరుగుతుంది, రాత్రి పదింటికి బిర్యానీ పార్సిల్ వస్తుంది. నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇంటి భోజనం కసరత్తు చేసే ఒంటికి చక్కగా సరిపోతుంది. సరిచేయాల్సింది వంటకాలను కాదు, పాళ్ళను, వేళలను. అన్నం కసరత్తును బట్టి పెరగాలి, తగ్గాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు మాత్రం ఏ రోజూ తగ్గకూడదు. కింద చెప్పేదంతా ఈ రెండు మాటలను వంటింట్లో అమలు చేసే పద్ధతే.

1. ముందు మీ లెక్క తేల్చుకోండి

గట్టి కసరత్తులో ముందుగా ఖర్చయ్యేది గ్లైకోజెన్. అన్నం, రొట్టె, దుంప, పండు ద్వారా వచ్చిన పిండిపదార్థం కండరాల్లోనూ కాలేయంలోనూ ఆ రూపంలో నిల్వ ఉంటుంది. పెద్దవాళ్ళలో ఈ నిల్వ దాదాపు 400 నుంచి 500 గ్రాములు. ఆగకుండా గట్టిగా శ్రమిస్తే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. నిన్న ఖర్చయింది పూడకుండానే ఇవాళ మళ్ళీ ఖర్చు పెడితే మూడో రోజుకి కాళ్ళు కదలవు. దాన్ని బద్ధకం అనుకుని తమను తాము తిట్టుకునేవాళ్ళు ఎందరో. నిజానికి అది ఆకలి.

క్రీడా పోషణ నిపుణులు చెప్పే కొలత ఇది. రోజుకు గంటసేపు గట్టి కసరత్తు చేసేవాళ్ళకి బరువులో కిలోకి 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలి. గంట దాటి మూడు గంటల దాకా సాధన చేసేవాళ్ళకి 6 నుంచి 10 గ్రాములు. తేలికపాటి రోజుల్లో 3 నుంచి 5 చాలు. ప్రొటీను విషయానికొస్తే, మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కిలోకి 0.83 గ్రాములు సిఫార్సు చేస్తుంది. గట్టిగా కసరత్తు చేసేవాళ్ళకి 1.2 నుంచి 2 గ్రాములు కావాలి. నేను మధ్యస్థంగా 1.6 పట్టుకోమంటాను. అంటే 70 కిలోల మనిషికి రోజుకు 112 గ్రాముల ప్రొటీను, 350 గ్రాములకు తగ్గకుండా పిండిపదార్థం.

ఇప్పుడు వంటింటి సరుకుల లెక్క. అన్నీ పచ్చివి, అంటే వండకముందు బరువులు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, ప్రొటీను 7 గ్రాముల పైచిలుకు. కందిపప్పు, పెసలు ఏవైనా 100 గ్రాములకు ప్రొటీను 22 గ్రాముల పైమాటే. గుడ్డుకి 6. తోలు, ఎముక లేని కోడిమాంసం 100 గ్రాములకు 22 దాకా. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో 17 నుంచి 19. పావులీటరు పాలలో 8. వంద గ్రాముల పెరుగులో 3 నుంచి 4. మీల్‌మేకర్‌లో వందకి 50. వేరుశనగ గుళ్ళలో 25 ఉన్నా, సగం దాకా నూనే కాబట్టి గుప్పెడుతో ఆపాలి.

ఒక చిన్న కాటా కొనుక్కోండి. వారం రోజులు బియ్యం, పప్పు తూచి వండండి. మీ ఇంటి గ్లాసుకి ఎన్ని గ్రాములు పడుతుందో చేతికి అలవాటయ్యాక కాటా అటక మీద పెట్టేయొచ్చు. జీవితాంతం తూచుకుంటూ తినమని నేను చెప్పను. అలా తింటే భోజనంలో రుచి పోతుంది.

2. సరుకులు

రైతుబజార్లు 1999లో మొదలయ్యాక మనకు ఈ పని సులువైంది. బెజవాడ పటమట అయినా, గుంటూరు పట్టాభిపురం అయినా, పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు, బీర, సొర, దొండ, చిక్కుడు, చిలగడదుంప అన్నీ దొరుకుతాయి. గోంగూర సంగతి చెప్పనక్కర్లేదు.

బియ్యం గురించి ఒక మాట. మనం తినే సన్నబియ్యంలో పేరున్న బీపీటీ 5204 బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టింది, 1986లో విడుదలైంది. పాలిష్ పట్టిన ఈ బియ్యం త్వరగా అరుగుతుందని దాని మీద నింద. కసరత్తు చేసేవాళ్ళకి ఆ గుణమే అవసరం. కసరత్తుకి కొన్ని గంటల ముందు, అయిపోయిన వెంటనే పొట్టకి బరువు కానిది, త్వరగా కండరానికి చేరేది కావాలి. ఆ పూటలకి తెల్లన్నం పెట్టుకోండి. మిగతా పూటలకి సింగిల్ పాలిష్ బియ్యం, జొన్న, కొర్ర, రాగి వాడుకోండి. ఎముకలకి రాగిని మించిన ధాన్యం లేదు. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సినవి: పెసలు, కందిపప్పు, శనగలు, అలసందలు, ఉలవలు, గుడ్లు, పాలు, బెల్లం, నిమ్మకాయలు, అరటిపండ్లు. ఇవి ఉంటే ఏ పూటా చేతులెత్తేయాల్సిన పని లేదు.

3. కసరత్తుకి ముందు

ఉదయం ఐదున్నరకి మొదలుపెట్టేవాళ్ళకి టిఫిను తినే సమయం ఉండదు, తినకూడదు కూడా. ఓ అరగంట ముందు రెండు అరటిపండ్లు తినండి. ఒక్కో మాదిరి పండుకి 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. చక్రకేళి అయితే నోటికీ బాగుంటుంది. నిద్ర లేవగానే నమలడం ఇష్టంలేనివాళ్ళు రాగిజావ తాగొచ్చు. 30 గ్రాముల పిండి రాత్రే నీళ్ళలో కలిపి ఉంచుకుని, పొద్దున ఐదారు నిమిషాలు ఉడికించి, కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు వేస్తే చాలు. పలచగా ఉండాలి. చిక్కటి జావ తాగి పరిగెత్తితే కడుపులో నీళ్ళకుండ కదిలినట్టుంటుంది.

సాయంత్రం ఆరింటికి జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి మధ్యాహ్న భోజనమే అసలు ఆధారం. ఒంటిగంటకి కడుపునిండా తిని, నాలుగున్నరకి ఉడికించిన చిలగడదుంపో, నాలుగు ఇడ్లీలో తింటే సరిపోతుంది.

ఈ పూట వద్దనాల్సినవి మూడు: నూనె, కారం, పీచు ఎక్కువున్నవి. మూడూ కడుపులో ఆలస్యం చేసేవో, మంట పెట్టేవో. గుంటూరు కారం మీద నాకున్న ప్రేమ ఎంతైనా, ఆవకాయ అన్నం తిన్న గంటకి స్క్వాట్లు వేస్తే గొంతులోకి మంట రావడం ఖాయం. కారం కసరత్తు అయ్యాక తినే పూటలకి దాచుకోండి. సున్నుండలు, పల్లీపట్టీ కూడా అంతే. బలమే గానీ, నెయ్యి, నూనె వల్ల నెమ్మదిగా అరుగుతాయి.

4. చెమట, నీళ్ళు, ఉప్పు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మన ఊళ్ళలో వేసవి 45 డిగ్రీల దాకా పోతుంది. కృష్ణ పక్కనే కాబట్టి గాలిలో తేమ కూడా ఉండి, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకని ఒళ్ళు ఇంకా చెమట పోస్తుంది. పోయే ప్రతి లీటరు చెమటతో దాదాపు ఒక గ్రాము సోడియం పోతుంది. కొందరికి అంతకన్నా బాగా తక్కువ, కొందరికి బాగా ఎక్కువ. నల్ల బనియను మీద తెల్లటి చారలు మిగిలితే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే రకం.

మీ చెమట ఎంతో తెలుసుకోవడం సులువు. కసరత్తుకి ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఇంచుమించు ఒక లీటరు నీరు. మధ్యలో తాగింది ఉంటే దాన్ని కూడా కలపండి. బరువు కిలో తగ్గితే, తర్వాతి రెండు మూడు గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నెమ్మదిగా తాగాలి. ఒక్కసారిగా గటగటా తాగితే సగం బాత్రూముకే పోతుంది.

గంటలోపు కసరత్తుకి మంచినీళ్ళు చాలు. గంట దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మధ్యమధ్యలో అందాలి. దీనికి దుకాణంలో రంగునీళ్ళు కొనక్కర్లేదు. లీటరు నీళ్ళలో 60 గ్రాముల బెల్లం కరిగించి, పలుచటి బట్టతో వడగట్టి, ఒక నిమ్మకాయ పిండి, పావు టీస్పూను ఉప్పు కలపండి. కుండలో నీళ్ళతో కలిపితే మరీ హాయి. పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు తాగండి. నిమ్మకాయ బదులు పచ్చిమామిడికాయ ఉడికించి పిసికిన రసం వేసినా బాగుంటుంది, ఏప్రిల్‌లో నాకు అదే ఇష్టం.

రెండు మూడు గంటలు పరిగెత్తేవాళ్ళు ఒక ప్రమాదం తెలుసుకోవాలి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మత్తు, ముదిరితే ఫిట్స్. అది ప్రాణాంతకం. దాహానికి తగినంత తాగండి, ఉప్పు కలిపి తాగండి, బరువు పెరిగేంత తాగకండి.

కసరత్తు అయ్యాక మజ్జిగ. రెండు గరిటెల పెరుగు చిలికి, మూడింతల నీళ్ళు, ఉప్పు, అల్లం, కరివేపాకు, నిమ్మరసం. నీళ్ళు, ఉప్పు, కొంచెం ప్రొటీను మూడూ ఒకే గ్లాసులో వస్తాయి. కొబ్బరిబోండం మంచిదే, పొటాషియం బాగుంటుంది. కానీ సోడియం తక్కువ కాబట్టి పక్కన ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఉండాలి. వేసవిలో ముంజలు దొరికితే తినండి, అందులో లెక్కలేం చూడకండి.

5. కసరత్తు అయ్యాక: పెసరట్టు, ఉప్మా, గుడ్లు

అరగంటలో తినకపోతే కసరత్తంతా వృథా అని భయపెట్టేవాళ్ళ మాట పట్టించుకోకండి. గంట, గంటన్నర లోపు తింటే చాలు. రోజులో రెండుసార్లు సాధన చేసేవాళ్ళు మాత్రం త్వరగా తినాలి. ఈ పూట 25 నుంచి 40 గ్రాముల ప్రొటీను, దాంతోపాటు బాగా పిండిపదార్థం ఉండాలి.

ఉప్మా పెట్టిన పెసరట్టు హోటల్లో తింటే నూనె ఓడుతుంది. ఇంట్లో చేసుకుంటే ఈ పూటకి దాన్ని మించింది లేదు. ఎలా చేయాలో వివరంగా చెప్తాను.

మనిషికి 100 గ్రాముల పొట్టు పెసలు రాత్రి పడుకునేముందు నానబెట్టండి. వాటితోపాటు ఒక గుప్పెడు బియ్యం వేస్తే అట్టు కరకరలాడుతుంది. పొద్దున నీళ్ళు వంపి, అల్లం ముక్క, రెండు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బండి. మరీ మెత్తగా వద్దు, వేళ్ళ మధ్య రాస్తే సన్నరవ్వ తగలాలి. పెసరపిండి పులియబెట్టేది కాదు, అప్పటికప్పుడు పోసుకోవాలి. ఇనుప పెనం బాగా కాలాక నీళ్ళు చిలకరించండి. చుక్క తిరిగి ఎగిరిపోయాక, సగానికి కోసిన ఉల్లిపాయతో పెనం రుద్ది, మంట తగ్గించి, గరిటెడు పిండి మధ్యలో పోసి లోపలి నుంచి బయటికి తిప్పండి. ఉల్లి తరుగు, కొత్తిమీర పైన చల్లి, అట్లకాడ వెనకతో సుతారంగా అదమండి. అంచుల చుట్టూ అర టీస్పూను నూనె. అంచు తనంతట తనే లేవడం మొదలయ్యాక మధ్యలో ఉప్మా పెట్టి మడవండి. 100 గ్రాముల పెసలకి మాదిరి సైజు అట్లు మూడు వస్తాయి.

మూడు అట్లు, 40 గ్రాముల రవ్వతో చేసిన ఉప్మా, రెండు ఉడికించిన గుడ్లు. ప్రొటీను దాదాపు 39 గ్రాములు, పిండిపదార్థం 90 పైన. గుడ్లు తినని ఇళ్ళలో పావులీటరు పాలు, పెరుగు ఆ లోటు చాలావరకు పూడుస్తాయి. పక్కన అల్లం పచ్చడి ఉండాల్సిందే. అది లేకుండా పెసరట్టు తినమని ఎవరు చెప్పినా వినకండి.

ఇడ్లీ రోజులు కూడా ఉంటాయి కదా. నాలుగు ఇడ్లీల్లో ప్రొటీను 8 గ్రాముల దాకానే. కాబట్టి మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు పాళ్ళకి మించనీయకండి, కొబ్బరి చట్నీ బదులు పప్పు బాగా వేసిన సాంబారు గిన్నెడు పెట్టుకోండి, రెండు గుడ్లు తోడు చేయండి.

6. మధ్యాహ్నం: చిక్కటి పప్పు, మారు అన్నం

మన భోజనంలో ప్రొటీను తగ్గడానికి కారణం పప్పు లేకపోవడం కాదు. పప్పు పలచన కావడం. నలుగురికి చారెడు కందిపప్పు వేసి గిన్నెడు పప్పుచారు కాస్తాం. తలకి పది గ్రాములు కూడా రాదు. మనిషికి 40 నుంచి 50 గ్రాముల పచ్చి పప్పు వేయండి. నలుగురికి 200 గ్రాములు. ఈ ఒక్క మార్పుతో ఇంటిల్లిపాదికీ మేలు.

కందిపప్పు అరగంట నానబెట్టి, రెండున్నర రెట్లు నీళ్ళు, పసుపు, రెండు చుక్కల నూనె వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానివ్వండి. గోంగూర, టమాటా, మామిడికాయ ఏదైనా పుల్లటిది పప్పుతోపాటు వేయకండి. పులుపు తగిలితే పప్పు బద్ద మెత్తబడదు. గోంగూర, పచ్చిమిర్చి విడిగా మూకుట్లో దాని తడిలోనే మగ్గనిచ్చి, ఉడికిన పప్పులో వేసి పప్పుగుత్తితో మెదపండి. ఉప్పు కూడా అప్పుడే. తాలింపుకి నలుగురి గిన్నెకి రెండు టేబుల్‌స్పూన్ల నూనె చాలు. ఒక్కో టేబుల్‌స్పూనులో దాదాపు 120 కేలరీలుంటాయి, చెయ్యి జారితే తెలియకుండా వందలు పెరుగుతాయి. రుచి నూనెలో లేదు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ సరిగ్గా వేగడంలో ఉంది. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే దించేయండి.

ఇప్పుడు అన్నం సంగతి. మనవాళ్ళ భోజనానికి ఒక క్రమం ఉంది: మొదట పొడో పచ్చడో, తర్వాత పప్పు, కూర, పులుసో చారో, చివర పెరుగు. అన్నం అదుపు చేయడానికి ఈ క్రమమే కొలబద్ద. గట్టి కసరత్తు చేసిన రోజు మారు వడ్డించుకోండి. 150 గ్రాముల బియ్యం అన్నం ఆ రోజు ఎక్కువేం కాదు. పిండిపదార్థం 117 గ్రాములు వస్తుంది. విశ్రాంతి రోజు మారు అడగకండి, పొడి అన్నం, చారన్నం వదిలేయండి. పప్పు, కూర, పెరుగు మాత్రం రెండు రోజులకీ ఒకే కొలత. కండరం మరమ్మతు విశ్రాంతి రోజున కూడా జరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ రోజు ప్రొటీను తగ్గిస్తే నష్టం మీకే.

కందిపొడి మాత్రం నేను విడిచిపెట్టమనను. అది వేయించిన పప్పే. రెండు స్పూన్ల పొడిలో నాలుగు గ్రాముల ప్రొటీను ఉంటుంది. కసరత్తు రోజున మొదటి ముద్ద దాంతో, అర స్పూను నెయ్యితో కలుపుకోండి. తృప్తి లేని భోజనం ఎక్కువ కాలం సాగదు.

7. సాయంత్రం

పునుగుల బండి దగ్గర ఆగేది ఆకలి వల్లే. ఇంట్లో గుగ్గిళ్ళు సిద్ధంగా ఉంటే ఆ అవసరం రాదు. 40 గ్రాముల శనగలో, అలసందలో ఉడికించి, తాలింపు పెట్టి, పచ్చి ఉల్లి, నిమ్మరసం, మామిడి తురుము కలపండి. ఒక గ్లాసు పాలు తోడైతే 16 గ్రాముల ప్రొటీను.

ఉలవచారు మన గర్వం. కానీ ఉలవలు ఉడికించి, నీళ్ళు చారుకి తీసుకుని, గింజలు పశువులకి వేయడం ఆనవాయితీ. ప్రొటీనులో ఎక్కువ భాగం ఆ గింజల్లోనే ఉండిపోతుంది. చారు కాచుకున్నాక గింజల్ని పారేయకుండా కారం, కొబ్బరి వేసి గుగ్గిళ్ళు చేసుకోండి.

8. రాత్రి భోజనం

కొల్లేరు, కైకలూరు చెరువుల చేప మనకి ఏ రోజైనా దొరుకుతుంది. వేపుడు కన్నా పులుసు మేలు, నూనె బాగా తక్కువ పడుతుంది. నలుగురికి 600 గ్రాముల శీలావతి ముక్కలు తీసుకుని, ఉప్పు, పసుపు, కారం పట్టించి పావుగంట ఉంచండి. వెడల్పాటి గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల నూనెలో మెంతులు, ఉల్లిపాయ ముద్ద ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి మరగనివ్వండి. పచ్చివాసన పోయాక ముక్కలు ఒక్కొక్కటిగా జారవిడిచి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడకనివ్వండి. గరిటె పెట్టకండి, గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పండి. మధ్యాహ్నం చేసి రాత్రి తింటే పులుసు ముక్కకి పట్టి రుచి రెట్టింపవుతుంది. అయితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరగకాచండి. మనిషికి 150 గ్రాముల చేపతో 26 గ్రాముల ప్రొటీను.

100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు గానీ, అంతే బియ్యం అన్నం గానీ, ఒక కప్పు పెరుగు. ఇలా పొద్దుటి పండ్ల నుంచి రాత్రి పెరుగు దాకా కలిపితే రోజంతటికీ 120 గ్రాముల ప్రొటీను, 400 గ్రాముల దగ్గర పిండిపదార్థం. 70 కిలోల మనిషికి మొదట వేసుకున్న లెక్క నిండింది, అదీ ఒక్క డబ్బా పౌడరు లేకుండా. పౌడరు తప్పని నేననను. ప్రయాణాల్లో పనికొస్తుంది. ఇంట్లో వండుకునే వీలున్నవాళ్ళకి అది అవసరం కాదు, అంతే.

శాకాహారులు చేపకి బదులు మనిషికి 50 గ్రాముల మీల్‌మేకర్ వండుకోవచ్చు. మరిగే ఉప్పునీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, చల్లనీళ్ళలో కడిగి మళ్ళీ పిండాలి. అప్పుడే ఆ వాసన పోతుంది. తర్వాత కోడికూర మసాలాలోనే దగ్గరగా వండండి. ప్రొటీను చేపతో సమానం.

9. ఆదివారం ఒక గంట

వారమంతా ఇలా తినడం సాధ్యమయ్యేది ముందు సిద్ధం చేసుకుంటేనే. శనివారం రాత్రి శనగలు, అలసందలు నానబెట్టండి. ఆదివారం ఉడికించి, చిన్న డబ్బాల్లో మూడు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే గ్యాసు తగ్గుతుంది. ఇడ్లీపిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, కందిపొడి కూడా ఆ రోజే. గుడ్లు ఉడికించి పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు బాగుంటాయి.

మిగిలిన అన్నంతో జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. మన ఎండలకి బయట వదిలేస్తే అవి పెరిగి విషం చేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. గంట, రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి.

10. ఒంటి మాట వినండి

వారానికోసారి పరగడుపున బరువు చూసుకోండి. రోజూ చూసుకుంటే నీళ్ళ తేడాలకే కంగారు పడతారు. అంతకన్నా ముఖ్యమైన గుర్తులు వేరే ఉన్నాయి: రాత్రి నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం, దెబ్బలు మానకపోవడం, మొన్న ఎత్తిన బరువు ఇవాళ లేవకపోవడం. ఇవి కనిపిస్తే తిండి చాలడం లేదనే మొదట అనుమానించాలి.

అమ్మాయిలకి ఒక మాట, మీ ఇంట్లో అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పండి. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే అది బాగా కష్టపడుతున్నట్టు గుర్తు కాదు. ఒంటికి తిండి చాలడం లేదని హెచ్చరిక. ఎముకలు బలహీనపడతాయి. మూడు నెలలు రాకపోతే తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయాసం, నీరసం ఎక్కువగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. భోజనం అవగానే టీ తాగితే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. గంట ఆగి తాగండి. కూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా అందుతుంది. పూర్తి శాకాహారులు విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించుకోవాలి.

షుగరుకి మందులు, ఇన్సులిను వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, బీపీ ఉండి ఉప్పు తగ్గించమన్నవాళ్ళు ఈ కొలతలను యథాతథంగా పాటించకూడదు. ఈ లెక్కలు మీ డాక్టరుకి చూపించి, మీకు తగ్గట్టు మార్పించుకోండి.

మిగతావాళ్ళు రెండు వారాలు ఇలా తిని చూడండి. మీరు కోరకుండానే బరువు తగ్గుతూ, కసరత్తులో వెనకబడుతుంటే, కసరత్తు తర్వాత తినే పూటకి 50 గ్రాముల బియ్యం పెంచండి. బరువు అనవసరంగా పెరుగుతుంటే ముందు తాలింపు నూనె, సాయంత్రం చిరుతిళ్ళు చూడండి, ఆ తర్వాతే విశ్రాంతి రోజు అన్నం తగ్గించండి. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్ళీ రెండు వారాలు ఆగి చూడండి.